గంటలు విప్పిన బండి

పెంచలయ్య తాత బండిగంటల మోత ఆత్మకూరులో అందరికీ గుర్తే. బండి ఇంకా ఊరి బయట ఉండగానే మా అవ్వ చేట పక్కన పెట్టి, "మా తమ్ముడొస్తా ఉండాడు, నీళ్లు తోడండి" అనేది. ఎద్దుకు నాలుగేసి చొప్పున ఎనిమిది కంచు గంటలు. పెళ్లికి అత్తవారు పెట్టిన కంచు చెంబునూ పళ్లేన్నీ కరిగించి పోయించుకున్నాడట. ఆ కోపంతో ఆయన భార్య సుబ్బరత్నమ్మ రెండు రోజులు మాట్లాడలేదట. తరువాత ఆ మోత చెవిన పడగానే పొయ్యి మీద ఎసరు పెట్టడం ఆమెకు అలవాటైందట. ఆమె పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. ఒక బండి, రెండు ఎద్దులు, ఎనిమిది గంటలు. ఆయన సంసారం అంతే.

మా నాయన క్రైస్తవ సంఘంలో చేరి ప్రేమానందం అని పేరు మార్చుకున్నప్పుడు బంధువులందరూ మా గడప తొక్కడం మానుకున్నారు. తాత మానలేదు. "పేరు మారితే ఇంట్లో నీళ్లు కూడా మారినాయా ఏంది?" అని మా చెంబెత్తి తాగేవాడు.

ఆయనకు ఒకే ఒక గర్వం ఉండేది. ముప్పై ఏళ్లుగా బండి తోలుతున్నా తన బండి ఇంకొక బండికి తగల్లేదని. బజారులోనో చెరువు కట్ట మీదో అయితే అదేమంత గొప్ప కాదు. ఉదయగిరి దారిలో అది గొప్పే. ఆత్మకూరు నుంచి రెండు క్రోసులు పోయాక ఆ దారి ఒక ఎర్రగుట్టను చీల్చుకుని పైకి ఎక్కుతుంది. రెండు పక్కలా నిలువెత్తు రాయి. ఒక బండికే చోటు. నడుమ మలుపు ఉన్నందువల్ల ఇటునుంచి చూస్తే అటువైపు కనబడదు. బండ్లవాళ్లు దాన్ని ఇరుకు అనే అంటారు.

ఇరుకు దగ్గర పద్ధతి ఒకటి ఉండేది. ఇరుకు మొదట్లో బండి ఆపి, ములుగర్ర పిడితో ఎద్దు మెడ గంటను మూడు సార్లు కొట్టాలి. నోట్లో ఆకువక్క నమిలి ఉమ్మేంత సేపు చెవి పెట్టి వినాలి. అవతలి నుంచి జవాబు రాకపోతే పోవచ్చు. వస్తే, ఖాళీ బండి ఆగాలి, సరుకు బండి పోవాలి. ఏ గంట ఎవరిదో అందరికీ తెలుసు కాబట్టి ఎవడు సరుకుతో వస్తున్నాడో, ఎవడు ఖాళీగా వస్తున్నాడో చూడకుండానే తెలిసిపోయేది.

ధాత సంవత్సరంలో వానలు పడలేదు. ఈశ్వర సంవత్సరం వచ్చింది, ఆషాఢం వచ్చింది, పడమటి గాలి తప్ప ఇంకేమీ రాలేదు. నెల్లూరు నుంచి సంగం మీదుగా బియ్యం బండ్లు పడమటికి పోవడం మొదలైంది. ఎక్కడో గంటల మోత విని ఆకలిగొన్న జనం దారికి అడ్డం వచ్చి, ఒక బండిని దోచుకున్నారన్న వార్త పుట్టింది. నిజమో కాదో ఎవరూ వెళ్లి చూడలేదు. వారం తిరిగేసరికి ఒక్క ఎద్దు మెడలోనూ గంట లేదు. ఇరుకులో ఇబ్బంది రాకుండా బండ్లవాళ్లు ఒక కట్టుబాటు చేసుకున్నారు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఎక్కే బండ్లు, ఆ తరువాత దిగే బండ్లు.

తాత అందరికన్నా ఆఖరున విప్పాడు. విప్పి అటక మీద పెట్టలేదు. గోనెపట్టాలో చుట్టి బండిలో గడ్డి కింద దాచుకున్నాడు.

ఆ ఆషాఢంలోనే నేను నెల్లూరులో మిషను దొరసానుల బడి విడిచి రావలసి వచ్చింది. ఉదయగిరిలో మా అమ్మ జ్వరంతో పడివుంది, ఇంట్లో చేసేవాళ్లు లేరని నాయన కబురు పంపాడు. ఆత్మకూరు దాకా ఎవరితోనో వచ్చాను. అక్కడి నుంచి తాత బండి. ఉదయగిరిలో సర్కారువారు కరువు జనం కోసం పెట్టిన గంజిదొడ్డికి పన్నెండు బస్తాల బియ్యం తీసుకుపోతున్నాడు. తెల్లవారుతుండగా బయలుదేరాము. నేను బస్తాల మీద కూర్చున్నాను.

ఇరుకు మొదటికి వచ్చేసరికి పొద్దు బారెడు ఎక్కింది. అక్కడ రాళ్ల దగ్గర ముప్పై మంది దాకా ఉన్నారు. కొందరు తినడానికి కలబంద మొదళ్లు తవ్వుతున్నారు. మమ్మల్ని చూసి ఎవరూ లేవలేదు, ఎవరూ అడగలేదు. వాళ్ల చూపులు మాత్రం బండి చక్రాలతో పాటు కదిలాయి.

గంటలు విప్పిన తరువాత కూడా తాత ఇరుకు దగ్గర బండి దిగి, మలుపు దాకా నడిచి, అవతల చూసి వచ్చేవాడట. ఆ రోజు దిగలేదు.

"దిగితే బండి వీళ్లదైపోతాది అమ్మణ్ణీ," అన్నాడు పెదవులు కదలకుండా. "ఎట్లాగూ ఎక్కే పొద్దే. ఎదురు రారులే."

ఎద్దులను అదిలించాడు. మైలోడూ పుల్లోడూ మెడలు వంచి లాగాయి. మలుపు దగ్గరికి వచ్చాము. గాలి హోరులో నాకు ఏమీ వినబడలేదు. ఉన్నట్టుండి రాయి పక్క నుంచి రెండు కొమ్ములు, ఒక గూడుబండి కప్పు, మా మీదికి దిగుతూ కనబడ్డాయి.

తాత పగ్గాలు వెనక్కి లాగాడు. అవతలివాడూ లాగాడు. పల్లంలో దిగే బండి ఆగుతుందా? నాలుగు ఎద్దులూ ఒకదాని మీద ఒకటి పడ్డట్టయింది. చక్రం చక్రాన్ని ఒరుసుకుని లోపలికి దిగబడింది. టప్‌మని ఇరుసు విరిగింది. గూడుబండి ఒక పక్కకు వాలి రాతికి ఆనుకుంది. నేను బస్తాల మీద నుంచి ముందుకు జారి తాత వీపును పట్టుకున్నాను. గూడులో ఆడమనిషి కేక పెట్టింది.

మైలోడి కొమ్ము మొదట్లో విరిగి ముఖమంతా నెత్తురైంది. తాత దాన్ని చూశాడు. తరువాత ఎదుటివాణ్ణి చూశాడు. తిరుపాలు అని, గుట్ట అవతలి పల్లెవాడు, పాతికేళ్లుంటాయి.

"కండ్లు పోయినాయా నీకు? ఇది ఎక్కే పొద్దురా!"

"నీ పొద్దు ఎవడికి గావాల? గంటలేవి నీ బండికి?"

"నీ ఎద్దులకుండాయా?"

ఇద్దరూ ఒకరి ఎద్దుల మెడలను ఒకరు చూసుకున్నారు.

"సరుకు బండి ఇది. వెనక్కి తియ్యి," అన్నాడు తాత.

"నాదీ సరుకే. చూసి మాట్లాడు." తిరుపాలు గూటి తెర పక్కకు లాగాడు.

లోపల అతని భార్య శీనమ్మ ఒంటిమీద సగం చీరతో పడివుంది. పళ్ల మధ్య గుడ్డ కరచుకుని ఉంది. అత్త ఆదిశేషమ్మ కోడలి తలను ఒళ్లో పెట్టుకుని ఉంది.

"నిన్న కోడి కూసినప్పటి నుంచి నొప్పులయ్యా," అంది ఆమె. "బిడ్డ అడ్డం తిరిగినాది. ఆత్మకూరులో నాగులమ్మ ఉండాది గదా, కడుపు మీద చేత్తోనే తిప్పుతాదంట. పొద్దు గుంకేలోపల ఆమె చేతిలో పడకపోతే నా కోడలు దక్కదు."

తాత కిందికి దిగి రెండు చక్రాల మధ్య భుజం పెట్టాడు. తిరుపాలు అవతలి నుంచి పెట్టాడు. నేనూ దిగి ఒక చెయ్యి వేశాను. ఏమీ కదలలేదు. మా బండిలో పన్నెండు బస్తాలు, అతని బండిలో కదపరాని మనిషి. మళ్లీ పెట్టారు. తిరుపాలు భుజం చర్మం లేచిపోయింది. శీనమ్మ కేకలు దగ్గర దగ్గరగా వస్తున్నాయి.

తాత భుజం తీసేశాడు. బండి వెనక్కి వెళ్లి గడ్డి కింద చెయ్యి పెట్టి గోనెపట్టా మూట లాగాడు. అది విప్పక ముందే తిరుపాలు వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం చేస్తా ఉండావు మామా? ఆ మొదట్లో ఉండారే, మోగితే వస్తారు!"

"రావాలనే."

"బియ్యం పోతాది! మనల్ని కూడా కొడతారు!"

"నీ పెండ్లాము పోతా ఉండాది. చెయ్యి వదులు."

రెండు గంటల పట్టెడలనూ ఎడమ చేత పైకెత్తి, ములుగర్ర పిడితో మూడు సార్లు కొట్టాడు. ఆగి విన్నాడు. ఆ తరువాత ఊపడం మొదలుపెట్టాడు. రెండు పక్కలా రాయి ఉంది కదా, ఎనిమిది గంటలు ఎనభై అయినట్టు మోగాయి. అంత భయం నాకు అంతకు ముందు ఎప్పుడూ వేయలేదు.

వాళ్లు వచ్చారు. పరుగెత్తి రాలేదు, పరుగెత్తే కాళ్లు కావు అవి. రాయి పట్టుకుంటూ వచ్చి ఇరుకు అడ్డంగా నిలబడ్డారు. ముందు ఒక పొడుగాటి ఆడమనిషి. పేరు కామమ్మ అని తరువాత తెలిసింది. చంకలో బిడ్డ ఉంది. ఆ బిడ్డ ఏడవడం కూడా లేదు.

"గంట విని పది దినాలు దాటినాది," అంది కామమ్మ. "బండ్లు తిరగడం లేదేమో అనుకొంటిమి. రోజూ మా ముక్కు ముందర నుంచే పోతా ఉండాయని నాలుగు నాళ్ల కిందట తెలిసినాది. మమ్మల్ని చూసి గంటలు విప్పుకొన్న మారాజువు నువ్వేనా?"

"నేనే," అన్నాడు తాత. "విప్పినందుకే గుద్దుకొన్నాము. లోపల కాన్పు మనిషి ఉండాది. ఈ బండ్లు విడదియ్యాల. బస్తాలు దించాల. దించితే ఈ బండి మీద ఆమెను ఆత్మకూరుకు పంపించొచ్చు."

"దించితే బియ్యం మా ముందర ఉంటాయే. భయం లేదా?"

"ఉండాది."

కామమ్మ ముఖంలో నవ్వు లాంటిది ఒకటి వచ్చి పోయింది. "మాకేమిస్తావు?"

"ఒక బస్తా. పని అయినంక."

వెనక నుంచి ఒక మనిషి, గోపాలయ్య అని పిలిచారు అతన్ని, గట్టిగా అన్నాడు. "పని అయినంకనా? ఏ బలంతో ఎత్తమంటావు? మా చేతులు చూడు ముందు."

తాత చూశాడు. చూసి, ఒక బస్తా కుట్లు కొడవలితో తానే తెగ్గోశాడు.

ఆ తరువాత కొంతసేపు ఇరుకులో వినబడింది ఒక్కటే చప్పుడు, పచ్చి బియ్యం నమిలే చప్పుడు. కామమ్మ తాను నమిలి, మెత్తబడిన దాన్ని వేలితో బిడ్డ నోట్లో పెట్టింది. శీనమ్మ కేక వినబడినప్పుడల్లా నమిలే దవడలు ఆగి, మళ్లీ కదిలేవి. తిరుపాలు నిలబడలేక కూర్చోలేక, "బిరీన అమ్మా, బిరీన" అని తనలో తానే అంటున్నాడు.

ఒక్కొక్క బస్తాకు ఆరేడుగురు చేతులు వేశారు. మోయలేదు, ఈడ్చారు. పదకొండు బస్తాలూ రాతి పక్కన వరుసగా పడ్డాయి. తరువాత పదిమంది గూడుబండి కింద వీపులు పెట్టి లేపారు. ఒకడు పడిపోయాడు. ఇంకొకడు ఆ చోటులోకి వచ్చాడు. చక్రం చక్రంలో నుంచి ఊడింది. మా బండిని చేతులతో వెనక్కి నెట్టి ఇరుకు మొదటికి చేర్చారు. శీనమ్మను నలుగురు ఆడవాళ్లు దుప్పటిలో మోసుకుపోయి అందులో పడుకోబెట్టాక ఆదిశేషమ్మ పక్కన ఎక్కింది.

మైలోడు ఇంక లాగే స్థితిలో లేదు. తాత తిరుపాలు ఎద్దులనే తన బండికి కట్టించాడు. ఆ ఎద్దుల మెడలకు తన గంటలు కట్టాడు.

"గంటలు మోగించుకొంటా పో. ఎదురొచ్చేవాడు పక్కకు పోతాడు," అన్నాడు. "మళ్లీ బండి తేవాల నువ్వు. ఇవి గంజిదొడ్డి బియ్యం."

"తెస్తాను మామా. నా మీద ఒట్టు."

"ఒట్టు వద్దు. తే."

గంటల మోత దూరమై ఆగిపోయింది. ఇరుకులో పదకొండు బస్తాలు, ముప్పై మంది, తాత, నేను మిగిలాము.

పొద్దు నడినెత్తికి వచ్చింది. ఇచ్చిన బస్తా ఖాళీ అయ్యింది. కొందరు కొంగుల్లో కట్టుకున్నారు. ఎవరూ వెళ్లిపోలేదు. తాత బస్తాల ముందు నేల మీద కూర్చుని మైలోడి కొమ్ముకు తడిగుడ్డ చుడుతున్నాడు. ములుగర్రను కావాలనే దూరంగా పెట్టాడు. అది నాకు అర్థమైంది. గోపాలయ్యకు కూడా అర్థమైనట్టుంది. అతను దాన్నీ తాతనూ మార్చి మార్చి చూశాడు.

"ఇవి ఎవరికి?" అన్నాడు కాసేపటికి.

"ఉదయగిరిలో గంజికి. నిన్నటి నుంచి పొయ్యి ఎలగలేదంట అక్కడ."

"అక్కడివాళ్ల పొట్ట పొట్టనా, మాది కాదా? అంత దూరం నడిచేవాళ్లమైతే మేమూ అక్కడనే ఉందుము."

గోపాలయ్య కొడవలి తీసుకుని వచ్చి, వరుసలో చివరి బస్తా మూల కోశాడు. బియ్యం సన్నని ధారగా నేల మీదికి జారింది. నేను కళ్లు మూసుకోవాలనుకున్నాను, మూసుకోలేకపోయాను. తాత లేచి దోసిలి ఆ ధార కింద పెట్టాడు. దోసిలి నిండింది. ఆ దోసిలిని గోపాలయ్య వైపు చాపాడు.

"ఇంకొక బస్తా ఇయ్యగలిగినోణ్ణైతే ఇచ్చుందును. ఇది నాది కాదు. కొట్టి తీసుకోవాలంటే తీసుకో, నేను నీ మీదికి రాను. కానీ నేను పిలిస్తే వచ్చినారు మీరు. ఆ మాట మిగలనియ్యి."

ఇద్దరూ అట్లాగే నిలబడ్డారు. గోపాలయ్య చేతిలో కొడవలి, తాత చేతుల్లో బియ్యం. కింద ధార ఆగలేదు. కామమ్మ లేచి వచ్చింది. నడుమున దోపుకున్న గుడ్డపేలిక తీసి, చిల్లులో కుక్కి, దాని మీద తన వీపు ఆనించి కూర్చుంది. గోపాలయ్య తాత దోసిట్లోని బియ్యం పంచె కొంగులో పోయించుకుని వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. కొడవలి మాత్రం ఒళ్లోనే పెట్టుకున్నాడు.

నీడలు అవతలి రాతిని ఎక్కేదాకా అందరమూ వింటూ కూర్చున్నాము. బండి రాదని నేను లోపల అనుకున్నాను. తిరుపాలు ఎందుకు వస్తాడు? భార్య ప్రాణం మీద ఉంటే ఎవరి బియ్యమో మోయడానికి ఎవరు వస్తారు? తాత కూడా అదే అనుకున్నాడేమో, నా వైపు చూడడం మానేశాడు.

ముందు విన్నది కామమ్మ. "గంట," అంది.

తిరుపాలు ఒక్కడే వచ్చాడు. ముఖమంతా దుమ్ము. తాత ఎదురు వెళ్లి, "ఎట్లుండాది?" అన్నాడు.

"తెలవదు. నాగులమ్మ లోపలికి తీసుకొనిపొయ్యి తలుపేసింది."

"తెలవదా? పెండ్లాన్ని అట్లా వదిలిపెట్టి నిన్నెవడు రమ్మన్నాడురా?"

"నువ్వీడ కూర్చోనుండావు గదా మామా."

తాత అతని భుజం మీద చెయ్యి వేశాడు. చర్మం లేచిన చోటు అది. తిరుపాలు భుజం జరుపుకోలేదు.

బస్తాలు మళ్లీ ఎక్కించింది ఆ జనమే. గోపాలయ్య కూడా ఒక మూల పట్టాడు. విరిగిన గూడుబండిని పైకి ఈడ్చి ఇరుకు దాటించి పక్కన పడేశారు. తిరుపాలు ఎద్దు ఒకటి పుల్లోడితో జతకట్టాము. మైలోణ్ణి బండి వెనక కట్టాము. తిరుపాలు రెండో ఎద్దును తోలుకుంటూ ఆత్మకూరు వైపు నడిచాడు. మలుపు తిరిగే ముందు వెనక్కి చూశాను. కామమ్మ నేల మీద బియ్యం మట్టిలోంచి ఏరుకుంటోంది.

మర్నాడు ఉదయగిరి చేరాము. బియ్యం తోలించే కాంట్రాక్టుదారు గుమాస్తా కొండలయ్య బస్తాలు చూసుకుని, తాతను పక్కకు పిలిచాడు. మంచి మనిషే.

"పెంచలయ్యా, ఒకటి దోచుకున్నారని చెప్పు చాలు. నీ మీదికి రాదు. ఆ గుట్ట మీదికి నలుగురు జవాన్లను పంపిస్తారు, అంతే."

తాత నా వైపు చూశాడు. ఎందుకు చూశాడో తెలియదు. చూసినవాళ్లలో నేనొక్కతెనే అక్కడ ఉన్నందుకేమో.

"దోచుకోలేదు. నేనే ఇచ్చినాను."

"బుద్ధుండే మాట్లాడతా ఉండావా? ఇచ్చినానంటే నీకు ఇంక సరుకు ఇయ్యరు."

"ఇయ్యకపోనీ. దోచుకొన్నారంటే ఆ జవాన్లు ఎవర్ని కొడతారో నాకు తెలుసు."

ఆ పూట గంజిదొడ్డిలో పొయ్యి వెలిగింది. ఆ పూటనుంచి తాత బండికి బియ్యం పని లేదు. కరువు నడుమ ఇంకే పని ఉంటుంది? తిరుపాలు ఎద్దును తిరిగి ఇచ్చేసి, పుల్లోణ్ణి అమ్మేశాడు. మైలోడు విరిగిన కొమ్ముతో బతికింది. దాన్ని అమ్మబోతే ఎవరూ కొనలేదు. దానికి జతగా ఒక ఎద్దును తరువాత తిరుపాలే తెచ్చి కట్టాడు. వద్దంటే వినలేదు.

శీనమ్మ బతికింది. పొద్దు గుంకకముందే ఆడబిడ్డ పుట్టింది. నాగులమ్మ కడుపులో తిప్పేటప్పుడు నలిగిన చెయ్యి ఒకటి ఆ పిల్లకు ఇప్పటికీ కొంచెం వంకరే. ఈ ప్రమాది సంవత్సరం ఆషాఢానికి దానికి రెండేళ్లు నిండాయి. తాత వాళ్లింటికి వెళితే గంటల కోసం ఎద్దు కాళ్ల మధ్యకు పోతుంది.

నేను మళ్లీ బడికి పోలేదు. మా అమ్మ కోలుకున్నా ఇంటి పని విడవలేదు. అప్పుడప్పుడు ఆత్మకూరుకు అవ్వ దగ్గరికి పోవడం మాత్రం తాత బండిలోనే. ఇప్పుడు అందరి ఎద్దులకూ గంటలున్నాయి. ఇరుకు దగ్గర తాత బండి ఆపి మూడు సార్లు కొడతాడు. జవాబు రాదు. పోవచ్చు. అయినా ఆయన కదలడు. ఆకువక్క రెండు సార్లు నమిలేంత సేపు ఆ రాళ్ల వైపు చూస్తూ కూర్చుంటాడు. కామమ్మా, ఆ బిడ్డా, గోపాలయ్యా ఆ యేడు దాటారో లేదో మాకు ఎవరూ చెప్పలేదు. తాత కాళ్ల దగ్గర గోనెపట్టాలో ఒక చిన్న మూట ఉంటుంది. గంటలు కావు అవి. బియ్యం.

"దారి ఖాళీగానే ఉంది తాతా," అన్నాను మొన్న.

"వినపడతా ఉండాదిలే అమ్మణ్ణీ," అని, మళ్లీ ఒకసారి గంట కొట్టాడు.